సంతకం కింద వాక్యం

ప్రెస్సులో అందరూ ఆమెను భూతద్దం అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆమె కోప్పడదు. జీతం పెంచమంటే బిరుదిచ్చి ఊరుకున్నారని నవ్వేస్తుంది. మందుల డబ్బాల్లో మడిచి పెట్టే పల్చటి కాగితం ఒకటి ఉంటుంది, మనలో నూటికి తొంభై తొమ్మిది మంది విప్పకుండానే చెత్తబుట్టలో పడేసేది. అది అచ్చుకు వెళ్లే ముందు అక్షరం అక్షరం చదివి తప్పులు దిద్దడం ఆమె ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్లలో ఎన్ని లక్షల మంది ఆమె కష్టాన్ని చదవకుండా పారేశారో ఆమెకు బాగా తెలుసు. విప్పి చదివే ఆ ఒక్కరి కోసం చదువుతానంటుంది.

అసలు ఆమె ప్రెస్సుకు వచ్చింది దిద్దడానికి కాదు, మడతలు పెట్టడానికి. అప్పటికి పంతొమ్మిదేళ్లు. పొద్దస్తమానం మడతపెడుతూ కూర్చుంటే తోచక, చేతిలో ఉన్నదే చదివేది. ఒకరోజు దగ్గు మందు కాగితంలో ఒకవైపు రోజుకు మూడు చెంచాలని, వెనకవైపు నాలుగని ఉండటం చూసింది. చెప్పాలా వద్దా అని మధ్యాహ్నం దాకా తటపటాయించి, చివరికి వెళ్లి చెప్పింది. అప్పటికే నాలుగు వేల కాగితాలు మడత పడ్డాయి. పెద్ద యజమాని మారు మాట్లాడకుండా మొత్తం తగలబెట్టించి, మర్నాడు ఆమెను మడతల బల్ల మీంచి లేపి కిటికీ పక్కన వాలుబల్ల ముందు కూర్చోబెట్టాడు. ఆ కిటికీ అద్దం రెండుసార్లు మారింది కానీ ఆమె కుర్చీ మారలేదు.

ఆ పని ఒక్కరితో అయ్యేది కాదు. ఒకరు అసలు ప్రతిని పైకి చదవాలి, రెండోవాళ్లు అచ్చు ప్రతిలో వేలు పెట్టి వెంట నడవాలి. పైకి చదివేవాళ్లు మాటలే కాదు, కామా, ఫుల్‌స్టాప్, బ్రాకెట్టు, పెద్దక్షరం, చిన్నక్షరం అన్నీ చదవాలి. ఆమెకు అలా చదివి వినిపించడానికి కూర్చున్న మనిషే తర్వాత ఆమె మొగుడయ్యాడు. టీ తాగే వేళలో, నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడిగి, అలవాటు కొద్దీ ప్రశ్న గుర్తు అని కూడా చదివాడట. ఈ ముచ్చట ఆయన పాతికసార్లు చెప్పాడు, ఆమె పాతికసార్లూ విననట్టే కూర్చుంది. ఆరేళ్ల కిందట ఆయన చూపు మందగించడం మొదలైంది. నరం ఎండిపోతోందని, ఆపరేషన్‌తో బాగయ్యేది కాదని డాక్టర్లు తేల్చేశారు. ఇప్పుడు ఆయనకు వెలుతురు తెలుస్తుంది, మనిషి నీడ తెలుస్తుంది, అక్షరం తెలియదు.

ఆ ప్రెస్సులో ఇంకో పద్ధతి ఉంది. చదవడం పూర్తయ్యాక, చివరి అక్షరం కింద వేలెడు జాగా కూడా వదలకుండా సంతకం పెట్టాలి. ఎప్పుడో ఒక మందుల కంపెనీ మనిషి, సంతకం అయిపోయిన ప్రతిలో అడుగున ఓ హెచ్చరిక ఇరికించాడు. అది తప్పు హెచ్చరిక. నింద చదివిన మనిషి మీద పడింది, పాపం ఉద్యోగం పోయింది. అప్పటి నుంచి సంతకం పైన ఉన్నదే చదివినట్టు లెక్క, కింద ఏముంటే అది చెల్లదు. కొత్తగా పనిలో చేరినవాళ్లకు కుర్చీ చూపించడానికి ముందు ఆమె చెప్పేది ఇదే.

మొగుడికి పుస్తకాలంటే ప్రాణం. సాయంత్రాలు ఆమె చదివి వినిపించేది, కానీ పగలంతా చదివిన గొంతు రెండు పేజీలకే జీరబోయేది. అందుకని ఫోనులో పుస్తకాలు చదివి వినిపించే యాప్ ఒకటి దొరికితే సంబరపడింది. ఏడు రోజులు ఉచితమన్నారు. ఎప్పుడైనా ఆపుకోవచ్చన్నారు. కార్డు నంబరు అడిగారు, గుర్తింపు కోసమే, ఒక్క పైసా తీసుకోం అన్నారు. కింద చామంతి రంగులో పెద్ద బటన్, దాని మీద మొదలుపెట్టండి అని ఉంది. ఆమె బటన్ దాకా ప్రతి అక్షరం చదివింది. బటన్ నొక్కింది.

మూడో రోజుకే ఆయన వినడం మానేశాడు.

"కామాలు మింగేస్తోంది. ఏడ్చే చోటా అదే గొంతు, పోట్లాడే చోటా అదే గొంతు. వద్దు, తీసెయ్."

ఆమె యాప్ తీసేసింది. తీసేస్తే పోయిందనుకుంది. అక్కడే పప్పులో కాలేసింది.

పదమూడు నెలల తర్వాత సంగతి బయటపడింది. ఆడపడుచు కూతురు బ్యాంకులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. ఏదో సంతకం కోసం వెళితే, ఖాతా చూస్తూ, అత్తా, మామయ్య ఇంకా ఆ పుస్తకాలు వింటున్నాడా అని మామూలుగా అడిగింది. ఏ పుస్తకాలే అంది ఈమె. ఆ పిల్ల తెర ఇటు తిప్పింది. నెల నెలా ఒకే తారీఖున, ఒకే పేరుతో, పదమూడు వరసలు. మొదటి మూడు ఒక ధర, మిగిలినవి ఇంకాస్త పెద్ద ధర, ఎందుకంటే మధ్యలో వాళ్లే ఆమెను కుటుంబ పథకంలోకి పెంచారు. కుటుంబంలో వినేవాళ్లు ఎవరూ లేరన్నది వాళ్లకు పట్టలేదు. మేనకోడలు అక్కడికక్కడే బ్యాంకు నుంచి ఆ కంపెనీకి ఇచ్చిన అనుమతి రద్దు చేయించింది, ముందు కారడం ఆగాలి అత్తా, తర్వాత సంగతి తర్వాత అంది. అది నిజంగా తెలివైన పిల్ల.

డబ్బు పోయినందుకు ఆమెకు మంటగానే ఉంది, కానీ గుండెలో దిగింది వేరే ముల్లు. పొద్దున లేస్తే జనం ప్రాణాలు నిలబెట్టే అక్షరాలు చదివే మనిషి, తన ఇంటి ఫోనులో ఉన్నది చదవలేదా? మర్నాడు ప్రెస్సులో ఎవరికీ చెప్పకుండా ఉండాల్సింది, చెప్పేసింది. అందరూ నవ్వారు, ప్రేమగానే నవ్వారు, భూతద్దానికే మసకేసిందన్నారు. ఆమె నవ్వలేదు. ఆ సాయంత్రం యజమానురాలి గదిలోకి వెళ్లింది. పెద్ద యజమాని కూతురు ఆవిడ, ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు. ఇక నుంచి చదువుతాను, దిద్దుతాను, సంతకం మాత్రం పెట్టనని చెప్పింది. నెలనెలా డబ్బు తీసుకుంటామన్న వాక్యం ఆ ఫోను పేజీలో ఉండి నేను చదవలేదని తేలితే, మీరు పొమ్మనేదాకా ఆగను, నేనే పోతాను అంది. యజమానురాలు గట్టిగా చీవాట్లు పెట్టింది. ఫలితం లేకపోయింది. అప్పటి నుంచి ఆమె చదివిన ప్రతి కాగితం మీదా యజమానురాలే బిక్కుబిక్కుమంటూ సంతకం పెట్టేది.

ముందు కంపెనీకి ఫోను చేసింది. ఆపాలంటే ఫోనే చేయాలట, పని వేళల్లోనే చేయాలట. నలభై నిమిషాలు సంగీతం విన్నాక ఒక అమ్మాయి పలికి, మీరు వెళ్లిపోతే మాకు చాలా బాధగా ఉంటుందని రాసిచ్చింది చదివింది. రాసిచ్చింది చదువుతోందని ఈమెకు ఒక్క ముక్కలోనే తెలిసిపోయింది, అది ఆమెకు కొట్టినపిండి. కోపం ఆ పిల్ల మీద చూపించలేదు. లిఖితంగా అన్నీ పంపమని చెప్పి పెట్టేసింది. జవాబు వచ్చింది: యాప్ తీసేయడం రద్దు చేయడం కాదు, నెలనెలా దానంతట అదే కొనసాగే పునరుద్ధరణ షరతు మొదటి పేజీలోనే స్పష్టంగా ఉంది, అయినా సద్భావంతో చివరి రెండు నెలల డబ్బు తిరిగి ఇస్తాం. స్పష్టంగా అన్న మాట కింద ఆమె ఎర్ర పెన్సిల్‌తో గీత గీసింది.

వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి లాయరు అక్కర్లేదని, సొంతంగా వాదించుకోవచ్చని, మోసం తెలిసిన రెండేళ్లలోపు వెయ్యాలని మేనకోడలు కనుక్కొచ్చింది. ఆమె నాలుగు పేజీల ఫిర్యాదు రాసింది. బ్యాంకు వరసలు, కంపెనీ జవాబు, దానికి బదులుగా డబ్బంతా ఇమ్మని తను పంపిన నోటీసు, అన్నీ తారీఖుల వారీగా జతచేసింది. మొగుడికి చదివి వినిపించింది, ఆయన రెండు చోట్ల అక్కర్లేని విశేషణాలు కొట్టేయించాడు. ఆ నాలుగు పేజీల్లో వంక పెట్టడానికి ఈగ వాలే చోటు కూడా లేదు.

కమిషన్ నుంచి కాగితం అందగానే కంపెనీ గొంతు మారిపోయింది. వాళ్ల లాయరు స్వయంగా ఫోను చేసి అమ్మా, మేడమ్ అంటూ మర్యాదలు గుమ్మరించాడు. పదమూడు నెలల డబ్బూ ఇచ్చేస్తారట, పైన మరో అంత ఇస్తారట. చిన్న కాగితం మీద సంతకం పెడితే చాలు. ఆ కాగితం మర్నాడు వచ్చింది. షరతులు సరిగా చదవకపోవడం వల్ల నా వైపు నుంచి ఏర్పడిన అపార్థం మూలంగా, అని మొదలవుతోంది. మొగుడికి చదివి వినిపించింది. తీసుకుంటే తప్పులేదు, కమిషన్ చుట్టూ తిరగలేవేమో అని మెల్లగా అన్నాడు. ఆయనకు ఆమె మోకాళ్ల సంగతి తెలుసు.

"డబ్బు నాది, ఇస్తే తీసుకుంటాను. ఈ వాక్యం నాది కాదు. నాది కానిదాని కింద సంతకం ఎలా పెడతానండీ?"

ఆయన మళ్లీ ఆ మాటెత్తలేదు. విచారణ రోజున తనూ వస్తానన్నాడు.

కమిషన్ హాలు మేడ మీద ఉంది. పాత బల్లలు, ఎత్తైన వేదిక, దాని వెనక ముగ్గురు. అధ్యక్షురాలు మధ్యలో కూర్చుంది, నెరిసిన జుట్టు, తక్కువ మాట. కంపెనీ లాయరు తన పద్ధతిలో చక్కగానే మాట్లాడాడు. మొదట, ఏ తగాదా అయినా కంపెనీ చెప్పిన మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలని షరతుల్లో ఉందన్నాడు. మధ్యవర్తి ఉన్నంత మాత్రాన ఈ తలుపు మూసుకోదని అధ్యక్షురాలు తల కూడా ఎత్తకుండా చెప్పింది. తర్వాత అతను మొదటి పేజీ ప్రతి చూపించాడు. ఫిర్యాదుదారు చేరిన రోజు నుంచి ఈ రోజు వరకూ ఆ పేజీ మారలేదని కంపెనీ ప్రమాణపత్రం కూడా దాఖలు చేసిందన్నాడు. ఆ కాగితం మీద, బటన్‌కు పైన, నల్లటి అక్షరాల్లో వాక్యం ఉంది: ఏడు రోజుల తర్వాత నెల రుసుము దానంతట అదే తీసుకోబడుతుంది.

ఇక అప్పుడు అసలు దెబ్బ వేశాడు. ఈమె సామాన్యురాలు కాదు, ఈమె వృత్తే చిన్న అక్షరాలు చదవడం, ఇంతకన్నా చిన్నవి రోజూ చదివే మనిషి ఇది కనపడలేదంటే ఎవరైనా నమ్ముతారా అని అడిగాడు. హాలులో ఒకరిద్దరు నవ్వారు.  ఇన్ని నెలలుగా తనను తాను అడుగుతున్న ప్రశ్నే ఇప్పుడు నలుగురిలో వినపడింది.

ఆమె లేచి నిలబడి, లాయరుగారు చెప్పింది నిజమేనంది. తన కళ్లు బాగానే ఉన్నాయంది. అందుకే ఒక్కసారి తమ పద్ధతిలో సరిచూడనివ్వమంది. ఒకరు అసలు ప్రతి పైకి చదువుతారు, ఒకరు అచ్చు ప్రతి పట్టుకుంటారు. అసలు ప్రతి ఫోనులో ఉంది, మారలేదని వాళ్లే ప్రమాణం చేశారు, కాబట్టి లాయరుగారు తన ఫోనులోనే తెరిచి చదవచ్చు. కంపెనీ ఇచ్చిన కాగితం తను పట్టుకుంటుంది. అధ్యక్షురాలి మొహంలో మొదటిసారి కుతూహలం కనిపించింది. చదవమంది. కాదంటే బాగుండదని అతను ఫోను తీశాడు.

"కనపడింది కనపడినట్టు, వరసగా చదవండి. ఏదీ వదలద్దు," అంది ఆమె. ముప్పై ఒక్క ఏళ్లుగా రోజూ చెప్పే మాటే అది.

అతను చదివాడు. మీకు నచ్చిన పుస్తకం, మీకు నచ్చిన వేళ. ఏడు రోజులు పూర్తిగా ఉచితం. ఎప్పుడైనా ఆపుకోవచ్చు. కార్డు వివరాలు గుర్తింపు కోసమే. ఆమె వేలు కాగితం మీద ఒక్కో వాక్యం వెంట నడిచింది. మొదలుపెట్టండి, అని చదివి అతను ఆగాడు. ఆమె వేలు ఇంకా బటన్ దాకా రాలేదు, ఆ నల్లటి వాక్యం మీదే నిలబడి ఉంది.

"ఇక్కడ ఇంకో వాక్యం ఉందండీ. మీరు చదవలేదు."

అతను ఫోను వంక చూశాడు. మళ్లీ చూశాడు. వెనక బెంచీలో ఆమె మొగుడు, చూపు లేని కళ్లతో ముందుకు వంగి, చెవి ఒగ్గి కూర్చున్నాడు. అధ్యక్షురాలు ఫోను ఇటివ్వమంది. బొటనవేలితో తెర పైకి జరిపింది. బటన్ దాటాక, కాస్త ఖాళీ దాటాక, తెల్లటి తెర మీద బూడిద రంగులో ఆ వాక్యం అప్పుడు పైకి వచ్చింది. పక్కనున్న ఇద్దరికీ చూపించింది. కాగితం మీద సర్దేటప్పుడు వరస కాస్త మారి ఉండవచ్చని లాయరు నీళ్లు నమిలాడు. మారి ఉండవచ్చన్న ఆ మాటను రికార్డులో రాయమని అధ్యక్షురాలు చెప్పింది. తర్వాత ఆమె వైపు తిరిగి, బటన్ కిందికి మీరు జరిపి చూశారా అని అడిగింది.

అబద్ధం చెప్పడానికి అదే సందు. చూశాను, అప్పుడు లేదు అనేస్తే కాదనే నాథుడు లేడు.

"లేదండీ, జరపలేదు. బటన్ నొక్కడమంటే సంతకం పెట్టడమే అనుకున్నాను. సంతకం కింద రాసింది చెల్లదని మా ప్రెస్సులో పద్ధతి. ఆ పద్ధతి అందరికీ ఉంటుందనుకోవడమే నా పొరపాటు. దాని పైన ఉన్నదంతా చదివాను."

విచారణ అక్కడితో ముగిసింది. మెట్లు దిగుతుంటే మొగుడు ఆమె భుజం పట్టుకుని, వాడు చదివింది బాగానే చదివాడే, కామాల దగ్గర ఆగాడు అన్నాడు. ఆమె నవ్వు ఆపుకోలేక మెట్ల మీదే కూలబడింది.

ఆరు వారాలకు తీర్పు వచ్చింది. కవరు చించి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆయనకు పైకి చదివింది. సంగతులు, వాదనలు, ఇవన్నీ తొమ్మిది పేజీలు. పదో పేజీలో ఒకచోట ఆమె వేలు ఆగింది.  ముందు లోపల చదువుకుని, తర్వాత పైకి చదివింది: ఫిర్యాదుదారు చదవడంలో ఏ లోపమూ లేదు, చూపవలసిన చోట చూపని షరతును ఆమె ఒప్పుకున్నట్టు భావించలేము. ఆయన మళ్లీ చదవమన్నాడు. మూడుసార్లు చదివించాడు. ఇన్ని నెలలు బిగబట్టుకున్నదంతా ఆ మూడోసారికి కళ్లలోంచి వచ్చేసింది. ఆమె చీర చెంగుతో తుడుచుకుని, ఇది ఆనందమేనని అనుమానం లేకుండా చెప్పింది. ఆ తర్వాత పేజీలో తీసుకున్న డబ్బంతా వడ్డీతో తిరిగి ఇవ్వాలని, మనస్తాపానికి పరిహారం, ఖర్చులు చెల్లించాలని, రెండు నెలల్లో షరతును బటన్‌కు పైకి తెచ్చి, చేరినంత తేలికగా మానుకునే వీలు కూడా పెట్టాలని ఉంది.

మర్నాడు పొద్దున ప్రెస్సులో, ఎవరితో ఏమీ చెప్పకుండా, గుండె జబ్బు మందు కాగితం చదివి, చివరి అక్షరం కింద సంతకం పెట్టి యజమానురాలి బల్ల మీద ఉంచింది. ఆవిడ పెన్ను తీసుకుని, కాగితం చూసి, పెన్ను కింద పెట్టేసింది.

ఏ ప్రతినైనా రెండో రోజు చల్లబడిన కళ్లతో మరోసారి చదవడం ఆమె పద్ధతి. తీర్పునూ అలాగే చదివింది. డబ్బు లెక్క రాసిన చోట పదమూడు నెలలకు బదులు పద్నాలుగు నెలలని పడి ఉంది. ఎక్కువ పడింది తనకే. మొగుడికి చెప్పింది. ఇన్నాళ్లు తిప్పినందుకు ఉంచేసుకో అని నవ్వాడు, ఆమె ఉంచుకోదని ఆయనకు తెలుసు.

కమిషన్ ఆఫీసు కిటికీ దగ్గర గుమాస్తా, సవరణ దరఖాస్తు అనగానే, పరిహారం పెంచమనడం ఇక్కడ కుదరదు, పై కమిషన్‌కు పోవాలని గడగడా అప్పజెప్పాడు. పెంచమని కాదు, తగ్గించమని అంది. అతను దరఖాస్తు తీసుకుని చదివాడు. తీర్పు తెప్పించి పక్కన పెట్టుకుని చూశాడు. అంతా సరిచూశాక గొంతు తగ్గించి అన్నాడు:

"రాసినవాళ్లు చూడలేదు, టైపు చేసినవాళ్లు చూడలేదు, ఆ కంపెనీ లాయరు కూడా చూసుకోలేదు. మీకెందుకమ్మా?"

"నేను చూశానండీ," అంది ఆమె.